తరగతి గదా, కచేరీయా? కంపెనీ కాలంలో పాలకుల శిక్షణ – తెలుగు జిల్లాల అనుభవం

ఆధునిక భారత చరిత్రలో సివిల్ సర్వీసుల పరిణామం అనగానే మనం సాధారణంగా ఒక వరుస బట్టీపడతాం. కారన్‌వాలీస్, వెల్లస్లీ, 1853 చార్టర్ చట్టం, మెకాలే కమిటీ, సత్యేంద్రనాథ్ ఠాగూర్. ప్రిలిమ్స్‌కి ఇది సరిపోతుంది. మెయిన్స్‌కి సరిపోదు. ఎందుకంటే ఆ వరుసలో అసలు ప్రశ్న కనబడదు. ఒక కుర్రవాడిని జిల్లా పాలించే మనిషిగా ఎలా తయారుచేయాలి? పుస్తకంతోనా, పనితోనా? రెండూ కలిపితే, ఆ పని నేర్పేది ఎవరు?

భిలాయి-3లో ఉండేవాళ్ళకి ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇక్కడ ప్రతి వీధిలోనూ అప్రెంటిస్‌గా చేసినవాళ్ళు ఉంటారు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగి, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఊరిది. ఇంజనీరింగ్ పట్టా ఉన్నవాడు కూడా షాప్‌లోకి దిగాక, పదో తరగతి చదివిన సీనియర్ ఆపరేటర్ దగ్గర మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుంటాడు. పాలన కూడా ఇలాగే నేర్చుకోవాల్సిన పని అని రెండు వందల ఏళ్ళ కిందటే కొందరు అనుకున్నారు. వాళ్ళు పెట్టిన కళాశాలలు క్రైస్తవ కళాశాలలు. వాటిలో చదివినవాళ్ళు పని నేర్చుకున్న చోట్లు కడప, మచిలీపట్నం, రాజమండ్రి, గుంటూరు కచేరీలు. అందుకే ఈ వ్యాసంలో ఆ చరిత్రను తెలుగు జిల్లాల వైపు నుంచి చూద్దాం.

1. ఫోర్ట్ విలియం: పాలకుడికీ ఒక బడి

18వ శతాబ్దం చివరిదాకా కంపెనీ ఉద్యోగి అంటే 'రైటర్'. పదహారు, పదిహేడేళ్ళ వయసులో ఓడ దిగేవాడు. లెక్కలు రాయడం, సరుకు చూడడం వరకే అతనికి తెలుసు. కానీ 1765లో దివానీ వచ్చాక అదే కుర్రవాడు పన్ను వసూలు చేయాలి, తగవులు తీర్చాలి. వ్యాపారి గుమాస్తాని ఒక్కసారిగా జడ్జిని చేసినట్టయింది.

ఈ లోపాన్ని గట్టిగా ఎత్తిచూపింది గవర్నర్ జనరల్ వెల్లస్లీ. 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాల పెట్టాడు. దాని చట్టానికి వేసిన తేదీ 1800 మే 4. అంటే శ్రీరంగపట్నం పడిపోయి సరిగ్గా ఏడాది. టిప్పు మీద గెలుపుకి గుర్తుగా ఆ తేదీని వెనక్కి జరిపి వేశారు. ఈ చిన్న వివరం చాలా చెబుతుంది. గెలిచిన దేశాన్ని పాలించడానికి మనుషులు కావాలి, వాళ్ళని తయారుచేసే కార్ఖానా ఇది.

పాఠ్యక్రమం ఘనంగా ఉంది. అరబ్బీ, పారసీ, సంస్కృతం, హిందుస్తానీ, బెంగాలీ, తెలుగు, మరాఠీ, తమిళం, కన్నడం భాషలు. హిందూ ధర్మశాస్త్రం, ముస్లిం న్యాయం, ఇంగ్లీషు న్యాయం, అర్థశాస్త్రం, చరిత్ర. తెలుగు పేరు ఆ జాబితాలో 1800 నాటికే ఉందన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

ఇది క్రైస్తవ సంస్థ కూడా. ప్రొవోస్టు, అంటే కళాశాల పెద్ద, ఇంగ్లండు చర్చి మతాచార్యుడే అయి ఉండాలని నియమం. ఆ పదవిలో కూర్చున్నది డేవిడ్ బ్రౌన్ అనే మతాచార్యుడు. బెంగాలీ నేర్పడానికి 1801లో వచ్చిన విలియం కేరీ బాప్టిస్టు మిషనరీ. ఇంగ్లండు చర్చికి చెందనివాడు కాబట్టి చాలాకాలం అతన్ని 'ప్రొఫెసర్' అనకుండా 'టీచర్' అనే అన్నారు. ఆ కేరీయే 1814లో సేరంపూర్‌లో తెలుగు వ్యాకరణం ఒకటి అచ్చువేశాడు.

క్రైస్తవ బోధన ఎందుకు? వెల్లస్లీ భయాలు రెండు. ఒకటి, ఇంటికి దూరంగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుల్లో, విలాసాల్లో పడిపోతారని. రెండు, ఫ్రెంచి విప్లవ భావాలు వాళ్ళ తలకెక్కుతాయని. మతం రెండింటికీ మందు అనుకున్నాడు. అంటే నైతిక శిక్షణ ఎవరికోసం? పాలితుల మేలు కోసమా, పాలన నిలబడడం కోసమా? ఎథిక్స్ పేపర్ చదివేవాళ్ళం ఈ తేడాని పట్టుకోవాలి.

2. హేలీబరీ: ప్రభుత్వం ఒక పాఠ్యాంశం

లండన్ డైరెక్టర్లకి వెల్లస్లీ కళాశాల నచ్చలేదు. ఖర్చు ఎక్కువ. పైగా ఉద్యోగుల మీద పట్టు తమ చేతిలోంచి కలకత్తాకి జారిపోతుంది. 1802లో దాన్ని మూసేయమన్నారు. చివరికి అది భాషల బడిగా మిగిలింది. విశాలమైన చదువు మాత్రం తామే ఇంగ్లండులో చెప్పిస్తామన్నారు. అలా 1806లో హెర్ట్‌ఫర్డ్‌లో ఈస్టిండియా కళాశాల మొదలై, 1809లో హేలీబరీలోని కొత్త భవనానికి మారింది. దీని వెనుక ముఖ్యుడు చార్లెస్ గ్రాంట్. భారతదేశంలో క్రైస్తవ బోధన జరగాలని పట్టుబట్టిన ఎవాంజెలికల్ బృందంలో అతను పెద్ద.

హేలీబరీ ప్రిన్సిపాళ్ళందరూ మతాచార్యులే. ప్రార్థనా మందిరం దినచర్యలో భాగం. అక్కడ చరిత్ర, రాజకీయ వ్యవహారాలు, వాణిజ్యం, ఆర్థిక విషయాలు బోధించిన ఆచార్యుడు థామస్ రాబర్ట్ మాల్థస్. జనాభా సిద్ధాంతంతో మనకి తెలిసిన మాల్థస్ ఇతనే. అతను కూడా దీక్ష తీసుకున్న మతాచార్యుడే. 1805 నుంచి 1834లో చనిపోయేదాకా ఆ పదవిలో ఉన్నాడు. పాఠ్యగ్రంథం ఆడం స్మిత్ రాసిన 'వెల్త్ ఆఫ్ నేషన్స్'. పాలన, ఆర్థికం అన్నవాటిని ఉద్యోగానికి ముందే ఒక క్రమశిక్షణగా చదివించిన తొలి ప్రయత్నాల్లో ఇది ఒకటి.

1813 చార్టర్ చట్టం తర్వాత కంపెనీ సివిల్ ఉద్యోగానికి హేలీబరీలో నాలుగు టర్ములు, అంటే రెండేళ్ళు, చదవడం తప్పనిసరి అయింది. కానీ ఒక పెద్ద లోపం మిగిలిపోయింది. లోపలికి వచ్చేది డైరెక్టర్ల సిఫార్సు మీద. మామయ్యో, తండ్రి స్నేహితుడో డైరెక్టరైతే సీటు వచ్చినట్టే. సీటు ఖాయమైనవాడికి చదువు మీద శ్రద్ధ ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. కళాశాలలో అల్లర్లు పదేపదే జరిగాయి. కళాశాలను మూసేయాలన్న వాదనలు వచ్చినప్పుడు మాల్థస్ 1813లో ఒకసారి, 1817లో మరోసారి పుస్తకాలు రాసి సమర్థించాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక సూత్రం గుర్తుపెట్టుకుందాం: ఎంపిక సరిగా లేకుండా శిక్షణ ఎంత బాగున్నా సగం ఫలితమే ఇస్తుంది.

3. ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాల: గురువులు తెలుగువాళ్ళు

హేలీబరీ నుంచి మద్రాసు వచ్చిన కుర్రవాడు నేరుగా జిల్లాకి వెళ్ళడు. 1812లో మద్రాసులో ఏర్పడిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలో చేరాలి. దీని రూపకర్త ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. ఉద్దేశం ఒకటే: దక్షిణాది జిల్లాలకు వెళ్ళే ఉద్యోగికి అక్కడి భాష రావాలి. పారసీ, హిందుస్తానీ వస్తే చాలదు. పరీక్షలు నెగ్గినకొద్దీ జీతం పెరిగేది. భాషల్లో ప్రత్యేక ప్రావీణ్యం చూపినవాళ్ళకి వెయ్యి వరహాల బహుమతి ఉండేది.

ఈ కళాశాలలో చదువు చెప్పినవాళ్ళని చూడండి. వేదం పట్టాభిరామశాస్త్రి తెలుగు, సంస్కృతాల్లో ప్రధాన పండితుడు. రావిపాటి గురుమూర్తిశాస్త్రి ఇక్కడి విద్యార్థుల కోసమే విక్రమార్కుడి కథలను, పంచతంత్రాన్ని తెలుగు వచనంలో రాశాడు. అంతకుముందు మామిడి వెంకయ్య కూర్చిన 'ఆంధ్రదీపిక' నిఘంటువు ఇక్కడి పరిశోధనకి ఆధారమైంది. ఈ పండితుల పని మీద నిలబడే ఎ.డి. క్యాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణం ప్రచురించాడు. దానికి ఎల్లిస్ రాసిన ముందుమాటలోనే తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదనీ, తమిళ, కన్నడాలతో కలిసి వేరే కుటుంబమనీ మొదటిసారి ఆధారాలతో నిరూపణ జరిగింది. కాల్డ్‌వెల్ పుస్తకం వచ్చింది 1856లో. అంటే నలభై ఏళ్ళ ముందే ఈ పని మద్రాసు కళాశాలలో జరిగింది. చరిత్రకారుడు థామస్ ట్రౌట్‌మన్ 2006లో దీనిమీద ఒక పూర్తి గ్రంథమే రాశాడు.

శిక్షణ దృష్టితో చూస్తే ఇందులో ఒక విచిత్రం ఉంది. జిల్లాకి రేపు దొర కాబోయే కుర్రవాడు ఈ రోజు ఒక తెలుగు పండితుడి ముందు పలక పట్టుకుని కూర్చుంటాడు. జ్ఞానం పండితుడిది, అధికారం విద్యార్థిది. పరీక్ష నెగ్గిన మర్నాడే ఆ సంబంధం తిరగబడుతుంది. అలా తిరగబడ్డాక కూడా నేర్చుకోవడం మానని అధికారులు కొద్దిమంది ఉన్నారు. వాళ్ళలో మనకి బాగా తెలిసినవాడు సి.పి. బ్రౌన్.

4. బ్రౌన్: మూడు మెట్లూ ఎక్కినవాడు

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. ఫోర్ట్ విలియం ప్రొవోస్టు డేవిడ్ బ్రౌన్ కొడుకు. 1812లో తండ్రి పోయాక ఇంగ్లండు వెళ్ళి హేలీబరీలో చదివాడు. 1817 ఆగస్టులో మద్రాసు చేరి ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. అంటే ఈ వ్యాసంలోని మూడు కళాశాలలతోనూ అతనికి సంబంధం ఉంది.

1820లో పరీక్ష నెగ్గి కడప కలెక్టర్ హాన్‌బరీ కింద సహాయకుడిగా చేరాడు. అసలు అప్రెంటిస్‌గిరీ అక్కడ మొదలైంది. కచేరీలో రోజూ వచ్చే అర్జీలు కళాశాల పుస్తకాల తెలుగులో ఉండవు. రైతు చెప్పే తెలుగు వేరు, కరణం రాసే తెలుగు వేరు, పండితుడి తెలుగు వేరు. జమాబందీ లెక్కల్లో తెలుగు, మరాఠీ, పారసీ మాటలు కలగలిసి ఉంటాయి. మూడేళ్ళ తరగతి గది చేయలేని పని కచేరీ చేసింది.

తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి, మళ్ళీ కడప. వేమన గురించి ఒక ఫ్రెంచి మిషనరీ, అబే దుబాయ్, రాసిన పుస్తకంలో చూసి ఆసక్తి పుట్టి, ప్రతులు సేకరించి 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. కడపలో బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులని పెట్టి తాళపత్రాలకి శుద్ధప్రతులు రాయించాడు. అప్పులపాలయ్యాడు. 1852లో వచ్చిన అతని తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ ముద్రణాలయంలో అచ్చయింది.

బ్రౌన్‌ని మనం సాహిత్య సేవకుడిగా గౌరవిస్తాం. అది న్యాయమే. కానీ పాలనా చరిత్ర చదివేవాళ్ళు ఇంకో సంగతి చూడాలి. అతని నిఘంటువులో పండితుల మాటలతోపాటు కచేరీ మాటలు, వాడుక మాటలు ఉన్నాయి. పుస్తకంలో నేర్చినదాన్ని పనిలో పరీక్షించుకుని, పనిలో దొరికినదాన్ని మళ్ళీ పుస్తకంలోకి తెచ్చిన మనిషి రాసిన నిఘంటువు అది.

5. మన్రో: ఈ కళాశాలల గడప తొక్కనివాడు

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. కళాశాల అంత ముఖ్యమైతే, ఆ కాలంలో అందరికంటే గొప్ప పాలకుడని పేరున్న థామస్ మన్రో వీటిలో ఏ కళాశాలలో చదివాడు? ఏదీ లేదు. 1780లో పదాతి దళంలో కేడెట్‌గా మద్రాసు వచ్చాడు. 1792 నుంచి 1799 దాకా బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద భూమి కొలవడం, పన్ను కట్టడం నేర్చుకున్నాడు. అంటే పూర్తిగా పని మీద తయారైనవాడు.

1800లో నిజాం దత్తమండలాలు ఇచ్చినప్పుడు మన్రో వాటికి ప్రధాన కలెక్టరై 1807 దాకా ఉన్నాడు. డేరాల్లో తిరుగుతూ పొలం పొలానికీ శిస్తు నిర్ణయించాడు. పాలెగాళ్ళ బలం తగ్గించి రైతుతో నేరుగా ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతికి అక్కడ రూపం ఇచ్చాడు. 1820లో మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. అప్పుడు కూడా దత్తమండలాల పర్యటనలోనే ఉన్నాడు.

మన్రో పద్ధతిలో లోపాలు లేవని కాదు. దత్తమండలాల్లో వేసిన మొదటి శిస్తు చాలా ఎక్కువ. దాన్ని తగ్గించాలని మన్రోయే తర్వాత సిఫార్సు చేయాల్సి వచ్చింది. కానీ ఆ తప్పు అతనికి కనబడడానికి కారణం డేరా. పొలం బీడుపడడం కళ్ళతో చూశాడు, రైతు మాట సొంత చెవులతో విన్నాడు. నివేదిక కోసం ఎదురుచూడలేదు.

అందుకని 'మన్రో గొప్పవాడు కాబట్టి కళాశాలలు దండగ' అని తేల్చేయడం తొందరపాటు. ఒక్కొక్కడు ఏడేళ్ళు బారామహల్‌లో తిరిగితే తప్ప తయారుకాడంటే, ఇరవై జిల్లాలకి మనుషులు ఎక్కడ దొరుకుతారు? కళాశాల పెట్టిందే ఆ కాలాన్ని కుదించడానికి. చూడాల్సింది, కుదించడంలో ఏం పోయిందన్నది. దానికి జవాబు గుంటూరులో ఉంది.

6. గుంటూరు: అప్రెంటిస్‌గిరీ దారితప్పినప్పుడు

'పని మీద నేర్చుకోవడం' అనగానే అది మంచిదే అనుకుంటాం. కానీ పని ఎవరి దగ్గర నేర్చుకుంటున్నామన్నది ముఖ్యం. కొత్త కలెక్టర్ కచేరీకి వచ్చినప్పుడు అక్కడ ముందునుంచీ ఉన్నది హుజూరు శిరస్తాదారు, అతని బంధువులు, వాళ్ళతో కలిసి నడిచే కరణాలు. కలెక్టర్లు రెండు మూడేళ్ళకి మారిపోతారు. శిరస్తాదారు మారడు. దొరకి లెక్క చూపించేది అతనే, లెక్క ఎలా చూడాలో నేర్పేదీ అతనే.

గుంటూరు జిల్లాలో ఇది ఎంతదూరం పోయిందో రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో వచ్చిన పుస్తకంలో 1788 నుంచి 1848 వరకూ వివరంగా చూపించాడు. పైన కంపెనీ అధికారం, కింద స్థానిక ఉద్యోగ కుటుంబాల పట్టు. కాగితాల మీద అంతా సక్రమం. వసూలైన డబ్బు ఖజానాకి చేరేలోపు ఎక్కడెక్కడ ఆగిందో కలెక్టర్‌కి తెలియదు. జమీందారీల గొడవలు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో పోయాక వారసత్వ వ్యాజ్యాలు దీనికి తోడయ్యాయి.

ఈ స్థితిలో 1832–33లో కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువు అన్నారు. జనం డొక్కల కరువు అని కూడా అన్నారు. సుమారు 5 లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనాలున్నాయి. ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి.

గింజల వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెడితే కొరత ఇంకా ముదురుతుందన్నది ఆడం స్మిత్ పాఠం. హేలీబరీలో చదివిన ప్రతివాడికీ అది తెలుసు. అలాగని మాల్థస్ తరగతి గదే గుంటూరులో మనుషుల్ని చంపిందనడం చరిత్ర కాదు. వానలు పడలేదు, కాలువలు లేవు, శిస్తు బరువు ఉంది, చేతిలో రొక్కం లేదు. కానీ ఒక మాట మాత్రం అనవచ్చు. పుస్తకం నేర్పిన సూత్రం ఒకటి, శిరస్తాదారు చూపించిన లెక్క ఒకటి. ఈ రెండింటికీ మధ్య ఊళ్ళో జరుగుతున్నది కలెక్టర్ కంటికి ఆనే దారి సన్నగా ఉంది. మన్రో డేరా ఉండాల్సిన చోట ఫైలు ఉంది.

కరువు తర్వాత కూడా జిల్లా తేరుకోలేదు. 1840ల మధ్యలో వాల్టర్ ఎలియట్‌ని విచారణకి పంపారు. అతనూ హేలీబరీ, ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలల్లో తయారైనవాడే. అతని విచారణలో కచేరీ లోపలి వ్యవహారం బయటపడింది. అంటే అదే శిక్షణ గుంటూరులో మోసపోయిన కలెక్టర్లనీ ఇచ్చింది, ఆ మోసాన్ని పట్టుకున్న ఎలియట్‌నీ ఇచ్చింది. తేడా ఎక్కడుంది? ఎలియట్ చూపించిన లెక్కతో ఆగలేదు, అడిగాడు. తర్వాత 1859లో జిల్లాల పునర్వ్యవస్థీకరణలో గుంటూరు కృష్ణా జిల్లాలో కలిసిపోయింది. 1904లో మళ్ళీ వేరు జిల్లా అయింది. ఈలోగా ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కరువుకి శాశ్వత జవాబు అక్కడ మొదలైంది.

7. గడప బయట ఉన్నవాళ్ళు

ఇంతవరకూ చెప్పిన చరిత్రలో నేర్పినవాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు, పాలితులుగా ఉన్నారు. విద్యార్థుల్లో మాత్రం లేరు. పట్టాభిరామశాస్త్రి కొడుకు కలెక్టర్ కాగలిగే దారి లేదు. 1833 చార్టర్ చట్టం జాతి, మతం కారణంగా ఎవరినీ ఉద్యోగానికి అనర్హుల్ని చేయకూడదని చెప్పినా ఆచరణలో ఏమీ మారలేదు.

తెలుగు పిల్లలకి దొరికిన క్రైస్తవ కళాశాల వేరే రకం. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పాఠశాల పెట్టాడు. అదే తర్వాత నోబుల్ కళాశాల. అక్కడ ఇంగ్లీషు చదివినవాళ్ళకి అందుబాటులో ఉన్నది కచేరీలో కింది ఉద్యోగాలే. కానీ ఒక తరం గడిచేసరికి ఈ చదువు ఎవరూ ఊహించని దారి పట్టింది. నోబుల్ కళాశాలలో చదివిన ముట్నూరి కృష్ణారావు 'కృష్ణాపత్రిక' సంపాదకుడయ్యాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో పట్టా తీసుకున్న భోగరాజు పట్టాభి సీతారామయ్య కాంగ్రెస్ చరిత్ర రాశాడు, ఆంధ్రా బ్యాంకు పెట్టాడు. వీళ్ళిద్దరూ కోపల్లె హనుమంతరావుతో కలిసి మచిలీపట్నంలోనే ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. చదువుతోపాటు చేతిపనులు నేర్పడం దాని ప్రత్యేకత.

అంటే పాలన పాఠం తరగతిలో దొరికి, పాలించే పని దొరకనివాళ్ళు, తమకు తామే పని కల్పించుకున్నారు. పత్రిక, బ్యాంకు, కళాశాల, కాంగ్రెస్ కమిటీ – ఇవే వాళ్ళ అప్రెంటిస్‌గిరీ. 1947 తర్వాత స్వతంత్ర ప్రభుత్వం నడపగలిగిన మనుషులు తయారైంది ఐసీఎస్‌లోనే కాదు, ఇక్కడ కూడా.

8. 1855 తర్వాత: ఏం మిగిలింది?

1853 చార్టర్ చట్టం సిఫార్సు పద్ధతిని రద్దు చేసింది. 1854లో మెకాలే కమిటీ నివేదిక, 1855 నుంచి పోటీ పరీక్ష. ఫోర్ట్ విలియం, ఫోర్ట్ సెయింట్ జార్జ్ కళాశాలలు రెండూ 1854లో మూతపడ్డాయి. హేలీబరీ 1858లో మూతపడింది. ఎంపిక లోపం తీరింది, కానీ పరీక్ష లండన్‌లోనే పెట్టడంతో గడప మాత్రం ఎత్తుగానే ఉంది. 1863లో సత్యేంద్రనాథ్ ఠాగూర్ నెగ్గేదాకా ఒక్క భారతీయుడూ లోపలికి వెళ్ళలేదు. భారతదేశంలో కూడా పరీక్ష జరగడానికి 1922 దాకా ఆగాల్సి వచ్చింది.

కళాశాలలు పోయినా వాటి చట్రం పోలేదు. ఈనాటి ఐఏఎస్ శిక్షణ చూడండి. ముస్సోరీలో 1959లో ఏర్పడిన లాల్‌బహదూర్ శాస్త్రి అకాడమీలో ఫౌండేషన్ కోర్సు, మొదటి దశ తరగతులు. తర్వాత దాదాపు ఏడాది జిల్లా శిక్షణ. తహసీల్దారు, బీడీవో లాంటి పనులు కొన్ని వారాలు స్వయంగా చేయడం. కేడర్ రాష్ట్ర భాషలో పరీక్ష. మళ్ళీ ముస్సోరీలో రెండో దశ. తరగతి, భాష, కచేరీ – హేలీబరీ, మద్రాసు, కడప వరుసే ఇది. చివర్లో మళ్ళీ తరగతికి రావడం మాత్రం కొత్త. చూసినదాన్ని నలుగురితో చర్చించుకోవడానికి కంపెనీ కాలంలో అలాంటి చోటు లేదు.

మారింది ఇంకోటి ఉంది, అదే అన్నిటికంటే పెద్దది. హేలీబరీలో నైతికతకి ఆధారం చర్చి. ఇప్పుడు ఆధారం రాజ్యాంగం. హేలీబరీ విద్యార్థి జవాబు చెప్పాల్సింది డైరెక్టర్లకి, దేవుడికి. గుంటూరు రైతుకి కాదు. ఇప్పుడు ఎన్నికైన శాసనసభ, న్యాయస్థానం, సమాచార హక్కు, గ్రామసభ ఉన్నాయి. శిరస్తాదారు చూపించని లెక్కను ఒక పౌరుడు పది రూపాయల దరఖాస్తుతో అడగగలడు. శిక్షణలో మనిషి మంచివాడవుతాడన్న నమ్మకం మీద ఒక్కదానిమీదే వ్యవస్థ నిలబడనక్కర్లేదు.

అయినా గుంటూరు ప్రమాదం పాతబడలేదు. కొత్త అధికారికి ఇప్పుడు శిరస్తాదారు బదులు డ్యాష్‌బోర్డు ఉంటుంది. అందులో గడులన్నీ ఆకుపచ్చగా ఉండవచ్చు. ఇక్కడ దుర్గ్ జిల్లాలో పనిచేసే అధికారికి హిందీ వస్తే ఫైలు నడుస్తుంది, ఛత్తీస్‌గఢీ వస్తే గాని పల్లెలో ముసలావిడ ఎందుకు రేషన్ తీసుకోలేదో తెలియదు. 1812లో ఎల్లిస్ చెప్పింది ఇదే: పై భాష చాలదు.

9. ముగింపు – పరీక్ష దృష్టితో

ఈ చరిత్ర నుంచి నాకు తేలిన మాట ఇది. పుస్తకం మంచిదా, పని మంచిదా అన్నది సరైన ప్రశ్న కాదు. పుస్తకం చెప్పిన సూత్రాన్ని పనితో, పనిలో పైవాళ్ళు, పాతవాళ్ళు చెప్పిన మాటను పాలితుల మాటతో సరిచూసుకునే అలవాటు ఉందా లేదా అన్నది ప్రశ్న. మన్రోకి డేరా ఆ పని చేసింది, బ్రౌన్‌కి భాష చేసింది, ఎలియట్‌కి విచారణ చేసింది. గుంటూరు కచేరీలో ఆ అలవాటు లోపించిన చోట మూడు కళాశాలల చదువూ కలిసి కూడా నిలబడలేదు.

సమాధానాల్లో వాడుకోవడానికి:

• జీఎస్-1: సివిల్ సర్వీసుల పరిణామంలో 1800, 1806, 1812, 1853, 1855, 1922 – ఈ ఆరు తేదీలు వరుసగా. ప్రాంతీయ ఉదాహరణగా బ్రౌన్, గుంటూరు కరువు.

• జీఎస్-2: శిక్షణ, ఎంపిక, జవాబుదారీతనం – మూడూ కలిస్తేనే ఫలితం. హేలీబరీలో శిక్షణ ఉంది, మిగిలిన రెండూ లేవు.

• జీఎస్-4: నైతికతకి మతం ఆధారమైనప్పుడూ, రాజ్యాంగం ఆధారమైనప్పుడూ అధికారి ఎవరికి జవాబు చెబుతాడు?

• గ్రూప్-1 రాసేవాళ్ళు: ఎల్లిస్, క్యాంప్‌బెల్, బ్రౌన్, మన్రో, కాటన్ – ఈ పేర్లను విడివిడిగా కాకుండా ఒకే కాలపు కథగా చదవండి. తేదీలు వాటంతట అవే గుర్తుంటాయి.

అభ్యాస ప్రశ్న: "కంపెనీ కాలపు శిక్షణ అధికారులకు పాలించడం నేర్పింది, పాలితుల మాట వినడం అందరికీ నేర్పలేకపోయింది." తెలుగు జిల్లాల ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)